పాత ఆఫీసులో ఆషాఢమాసం

జూన్ 26, 2025. గురువారం.

ఇది 2019 నాటి డైరీ. చింపేవాటి కుప్పలో దొరికింది. ఒక్క పేజీ కూడా ఎవరూ రాయలేదు. పైన అచ్చువేసిన తేదీ కొట్టేసి కింద నా తేదీ వేసుకుంటున్నాను. ఎందుకు రాస్తున్నావని అడిగేవాళ్ళు లేరు. ఈ భవనంలో ఇప్పుడు ఉండేది నేను, దేవుడు, ఎలుకలు.

ఆఫీసు మొత్తం పోయిన వారం పెనుకొండ రోడ్డులో కట్టిన కొత్త బిల్డింగుకు వెళ్ళిపోయింది. కుర్చీలు, కంప్యూటర్లు, ఫ్యాన్లు, చివరికి బాత్‌రూం బకెట్టు కూడా ఎత్తుకుపోయారు. వెంకటేశ్వరస్వామి పటం ఒక్కటే మిగిలింది. అక్కడ దేవుడి అలమర వడ్రంగి సమయానికి చెయ్యలేదు. ఇంతలో నిన్న అమావాస్య, ఈ రోజు ఆషాఢం. ఆషాఢంలో దేవుణ్ణి ఇల్లు మార్చకూడదు కదా. సూపరింటెండెంటు శోభారాణి మేడమ్ ఆ మాట చాలా భయభక్తులతో చెప్పింది.

"పుట్టమ్మా, శ్రావణం వచ్చేదాంకా నువ్వు ఈడనే ఉండు. దినామూ దీపం పెట్టు. అట్లే రికార్డు రూములో మిగిలిన ఫైళ్ళు దుమ్ము దులిపి మూడు కుప్పలు చెయ్యి. ఉంచేవి, పంపేవి, చింపేవి. లిస్టు రాసిస్తా."

"నేనొక్కదాన్నేనా మేడమ్?"

"దేవుడుండాడు కదా," అంది.

అటెండరుకు దేవుడు తోడు, దేవుడికి అటెండరు తోడు. బాగానే ఉంది ఏర్పాటు.

శ్రావణం రాగానే తాళాలు అప్పగించాలి. స్టేషన్ రోడ్డులో, బజారు నడిబొడ్డున, హిందూపురంలో ఇంత స్థలం ఇంకెక్కడుంది? ఈ పాత ఆఫీసు పడగొట్టి నాలుగంతస్తుల షాపింగ్ కాంప్లెక్సు కడతారట. నా భర్త ఎర్రిస్వామి ఈ భవనంలో పద్దెనిమిదేళ్ళు అటెండరు. ఆయన ఉద్యోగంలో ఉండగానే పోయాడు. అట్లా పోయినవాళ్ళ ఇంట్లో ఒకరికి సర్కారు ఉద్యోగం ఇస్తుంది. అప్పుడు మా భాగ్యకు వయసు చాలలేదు, అందుకని నాకు ఇచ్చారు. పంతొమ్మిదేళ్ళయింది.

నిన్న భాగ్య ఫోన్ చేసింది. ధర్మవరంలో అమావాస్యకు మగ్గాలు ఆపుతారు. నా కూతురికి తీరిక దొరికేది ఆ ఒక్క రోజే, నేను గుర్తొచ్చేదీ ఆ ఒక్క రోజే. నెలకొక ఫోను. తిన్నావా మా, తిన్నా పాపా, ఒంట్లో ఎట్లుండాది, బాగుండాది. అంతే. ఆఫీసు పడగొడతారని చెప్పాను.

"నాయన ఆఫీసా?" అంది.

నా ఆఫీసు కూడా అనబోయి ఊరుకున్నాను.

జూన్ 28. శనివారం.

దీపం పెట్టాను. ఇరవై రెండు కట్టలు దులిపాను. ఎవరూ రాలేదు.

జూన్ 30. సోమవారం.

మనుషులు వచ్చారు. కాంట్రాక్టరు తరఫున ఉదయ్ కుమార్ అనే ఇంజనీరు. వయసు ముప్పై ఉండదు. చేతిలో చిన్న డబ్బా, దాంట్లోంచి ఎర్రటి చుక్క గోడ మీద పడుతుంది, కొలత దానంతట అదే చెబుతుంది. ఎర్రిస్వామి ఉంటే ఆ డబ్బా ఒకసారి ఇమ్మని అడిగేవాడు. అట్లాంటివంటే ఆయనకు చిన్నపిల్లవాడి ఆశ.

వరండా మూల నేల మీద సుద్దముక్కతో పెద్ద చతురస్రం గీసి, "ఈడ లిఫ్టు వస్తాదక్కా," అన్నాడు.

అది ఎర్రిస్వామి స్టూలు వేసుకునే మూల. తర్వాత నా స్టూలు. ఇద్దరం కలిసి ముప్పై ఏడేళ్ళు ఆ మూలను కాపలా కాశాం. చెప్పలేదు. లిఫ్టు ఎక్కేవాళ్ళకు కింద ఎవరి స్టూలు ఉండేదో తెలిసి ఏమి లాభం.

సామాను కాపలాకు నల్లప్ప అనే మనిషిని పెట్టాడు. చిలమత్తూరు దిక్కు. గొర్రెలు అమ్మేసి ఈ పనిలోకి వచ్చాడట. కాంపౌండు మూలలో రేకుల షెడ్డు వేసుకున్నాడు. సగం తెలుగు, సగం కన్నడం. నన్ను చూడగానే మొదటి మాట, "ఊట ఆయితా అక్కా?"

అన్నం తిన్నావా అని భాగ్య తర్వాత నన్ను అడిగిన మనిషి ఇతనే. పైగా ఇతను రోజూ ఇక్కడే ఉంటాడట.

జూలై 4. శుక్రవారం.

2006 కట్ట దొరికింది. ఎర్రగుడ్డ విప్పితే పైనే మా ఫైలు. ఎర్రిస్వామి ఫోటో, ఆయన పోయినట్టు సర్టిఫికెట్టు, నా అర్జీ, నా ఏడో తరగతి టీసీ. చివర్లో స్టాంపు కాగితం. "మా నాయనగారి ఉద్యోగం మా అమ్మగారికి ఇచ్చుటకు నాకు ఎటువంటి అభ్యంతరమూ లేదు." కింద భాగ్య సంతకం.

వయసు చాలలేదని మొన్న రాశాను. పద్దెనిమిది నిండి ఐదు నెలలు. ఏదో, చిన్నపిల్లే కదా.

ఇట్లాంటివి లిస్టు ప్రకారం పంపేవాటిలోకి వస్తాయి. నేను రిటైరయ్యేదాకా ఉండాలట. కట్ట మళ్ళీ కట్టేసి పక్కన పెట్టాను.

జూలై 5. శనివారం.

భాగ్య సంతకమే అది. భాగ్య ఒప్పుకుంది.

జూలై 6. ఆదివారం.

తొలి ఏకాదశి. స్వామికి తులసిమాల వేశాను. ఒక్క పొద్దు ఉన్నాను. సెలవైనా ఆఫీసుకు వచ్చాను. ఇంట్లో ఒక్క గది, ఒక్క కిటికీ. ఇక్కడ పదకొండు గదులు. ఒంటరిగా ఉండాలంటే కాస్త విశాలంగా ఉంటే మంచిది.

జూలై 9. బుధవారం.

ఆ స్టాంపు కాగితం ఒక్కటి ఫైలులోంచి తీసి నా దగ్గర పెట్టుకున్నాను. ఎలుకలు కొరుకుతాయని.

జూలై 11. శుక్రవారం.

పదహారు కట్టలు. ఎలుకలు కాగితాలు కొరకవు, కట్టిన గుడ్డ కొరుకుతాయి. ఈ నెలలో కొరికిన కాగితం ఒక్కటీ చూడలేదు.

భాగ్య ఒప్పుకుంది అని రాశాను. అడిగితే ఒప్పుకునేదే. నా మాట ఎప్పుడు కాదంది కనుక.

జూలై 13. ఆదివారం.

రాసేస్తాను. ఇది ఎవరు చదవబోతారు.

ఆ సంతకం భాగ్యది కాదు. నేను పెట్టాను.

ఎర్రిస్వామి పోయి ఇరవై మూడు రోజులు. అప్పటి గుమాస్తా వేణు మంచివాడు, నన్ను కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. "అక్కా, పాపకు ఇంటరు ఉండాది. పాప పేరుతో అర్జీ పెడితే జూనియర్ అసిస్టెంటు వస్తాది. కుర్చీ, టేబులు, రేపు ప్రమోషన్లు. నీకైతే అటెండరే. నీకు కావల్లంటే పాప అభ్యంతరం లేదని రాసియ్యల్ల. బాగా ఆలోచన చేసుకో."

రెండు రోజులు ఆలోచన చేశాను. పాపకు ఉద్యోగం వస్తే మంచి సంబంధాలు వాటంతట అవే వస్తాయి. ఏడాదిలో పెళ్ళి అవుతుంది. ఉద్యోగంతో పాటు అత్తగారింటికి వెళ్ళిపోతుంది. అప్పుడు నేను ఎవరి గడప దగ్గర కూర్చుని ముద్ద అడగాలి? నాకు ముప్పై ఆరేళ్ళు. భయమేసింది. ఇది నిజం. ఆడపిల్ల ఆఫీసులో ఎట్లా నెగ్గుకొస్తుంది, నలుగురూ ఏమనుకుంటారు, ఇవన్నీ తర్వాత అతికించుకున్నవి.

పాప అప్పుడు రొద్దంలో మా అక్క దగ్గర ఉంది. నాన్న పోయిన ఇంట్లో బెంగపెట్టుకుంటుందని నేనే పంపాను. ఆ వరండాలోనే కూర్చుని సంతకం చేశాను. చెయ్యి వణికిందని రాసుకుంటే బాగుంటుంది. వణకలేదు. పాప తిరిగి వచ్చి, "నాకియ్యరంటనా మా?" అని అడిగింది. నీకు వయసు చాలదన్నారని చెప్పాను. నమ్మింది. పదకొండు నెలలకు ధర్మవరం సంబంధం చూసి దేవేంద్రకు ఇచ్చి చేశాను. అల్లుడు మంచివాడే, మగ్గం పనిలో నేర్పరి. భాగ్య పడుగులు అతుకుతుంది. అయిపోయిన పడుగు కొసకు కొత్త పడుగు, పోగుకు పోగు, వేల పోగులు ఒంగి కూర్చుని వేళ్ళతో మెలిపెట్టాలి. ముప్పై ఏడేళ్ళకే దానికి దళసరి అద్దాలు వచ్చాయి.

ఆ కుర్చీలో ఎవరో కొత్త పిల్ల కూర్చుంది. పంతొమ్మిదేళ్ళు ఆ పిల్లకు నేను కాఫీ తెచ్చిచ్చాను. ఇచ్చిన ప్రతిసారీ కాకపోయినా చాలాసార్లు, ఇది భాగ్య కూర్చోవలసిన కుర్చీ అనుకున్నాను.

జూలై 14. సోమవారం.

నిన్న రాసింది చదవలేదు.

జూలై 16. బుధవారం.

"ఏందక్కా ఆ కాయితం? నాలుగు దినాల్నుంచి కొంగున కట్టుకోని తిరగతాండావు," అన్నాడు నల్లప్ప.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు చెయ్యి కొంగు మీదికి పోయింది. పాత రసీదు అన్నాను.

"పాతదైతే ఇట్లియ్యి. వానకు పుల్లలు నాని పొయ్యి రాజుకోల్యా. నాకు చదువు రాదు, నా కాడ ఏ కాయితమైనా ఒకటే."

ఇచ్చేసి ఉండవచ్చు. కాఫీ కాగేలోపు అయిపోయేది. చదువురాని మనిషి, వానకు నానిన పుల్లలు, దేవుడే పంపినట్టుంది.

"చెనిక్కాయ పొట్టు ఉండాది కదప్పా, దాంతో రాజేసుకో," అన్నాను.

కాఫీ బాగానే చేస్తాడు. కొంచెం బెల్లం ఎక్కువ.

ఎందుకు ఇవ్వలేదో ఆలోచిస్తున్నాను. భాగ్యకు చూపించాలని కాదు. చూపిస్తే ఆ నెలకొక ఫోనూ పోతుంది. నాకు ఈ లోకంలో నా పేరు కాకుండా అమ్మా అని పిలిచే గొంతు అదొక్కటే. రెండు నిమిషాల మాట. దాన్ని చేజేతులా పోగొట్టుకునేటంత పిచ్చిదాన్ని కాదు.

జూలై 19. శనివారం.

చింపేవి తీసుకుపోవడానికి లారీ వచ్చింది. నలభై ఒక్క మూటలు. ఎక్కడో కాగితాల మిల్లుకు పోతాయట, గుజ్జు చేసి అట్టలు చేస్తారట. మూతి కట్టని మూట ఒకటి ఉంటే కొంగు విప్పి దాంట్లో వేసి, నా చేత్తోనే పురి బిగించాను.

ఫైలు మాత్రం అట్లే పంపేవాటిలో ఉంది. ఒక్క కాగితమే తగ్గింది. ఇప్పుడు ఎవరికి నష్టం? ఎవరికీ లేదు. భాగ్యకు తెలిసినా బాధే కానీ కుర్చీ రాదు. మంచి పనే చేశాను.

జూలై 20. ఆదివారం.

బాగా నిద్ర పట్టింది. మధ్యాహ్నం సంగటి రెండు ముద్దలు తిన్నాను.

జూలై 21. సోమవారం.

బాగా నిద్ర పట్టింది.

జూలై 22. మంగళవారం.

అమావాస్య కాకుండానే భాగ్య ఫోన్ చేసింది. ఎవరికేమయిందని ముందు అదే అడిగాను. ఏమీ కాలేదు.

"గురువారం మగ్గాలు లేవు కదమ్మా. పొద్దున రైలుకు వస్తా. పడగొట్టేలోపల నాయన ఆఫీసు ఒకసారి చూడల్లని ఉండాది," అంది.

నన్ను చూడాలని అనలేదు. అయినా సంతోషంగా ఉంది. నాలుగేళ్ళయింది అది హిందూపురం వచ్చి. వరండా అంతా కడిగాను. రేపో మాపో పడగొట్టే నేలను ఎందుకు కడగతాండావక్కా అని నల్లప్ప నవ్వాడు.

జూలై 24. గురువారం.

భాగ్య వచ్చి వెళ్ళింది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. పదిన్నరకు వచ్చింది. చిక్కిపోయింది. టిఫిన్ డబ్బాలో చిత్రాన్నం తెచ్చింది. ఉదయ్ కుమార్‌కు, నల్లప్పకు నమస్కారం పెట్టి, గదిగదికీ వెళ్ళి చూసింది. ఖాళీ గదులు కదా, మాట్లాడితే మోగుతుంది. అందుకని గుసగుసగా మాట్లాడుతోంది. సుద్దముక్క గీత దగ్గరకు వచ్చి ఆగింది.

"ఈడ కదా నాయన స్టూలు."

"ఊఁ."

"శనివారం బడి ఇడిసినాక నేరుగా ఈడికే వస్తాంటి. ఆ కిటికీ కింద కూర్చోబెట్టి వాడేసిన కార్బన్ పేపర్లు ఇస్తాండె నాయన. చేతులన్నీ నీలమైతాండె. నువ్వు తిడతాంటివి."

ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. డబ్బా తెరిచి నాకు పెట్టింది, తనూ పెట్టుకుంది. రెండు ముద్దలు తిన్నాక చెయ్యి ఆపింది.

"ఒక మాట చెప్తా. తిట్టొద్దు," అంది. "నాకు వయసు చాలదని అప్పుడు చెప్పినారంటివి కదా. పెండ్లైనాక తెలిసింది నాకు, పద్దెనిమిది నిండితే చాలంట. నాకు నిండింది. నేను ఆ పొద్దు ఒక్కసారి ఈ మెట్లెక్కొచ్చి నా సర్టిఫికెట్టు చూపించి అడిగింటే ఈ ఆఫీసులో కుర్చీలో కూర్చోనుందును. ఎవురూ నన్ను ఆపలా. నాకే ధైర్యం చాలలా. ఎవురో పొరపాటుగా లెక్కేసింటారు, పోయి అడిగితే సరిపోతాండె. దేవేంద్రతో కూడా ఈ మాట ఎప్పుడూ అనలా. పడుగు అతికేటప్పుడు గంటలు గంటలు అదే గుర్తొస్తాది. నన్ను నేనే తిట్టుకుంటా, దద్దమ్మ మాదిరి ఇంట్లో కూర్చుంటివి కదే అని."

పోనీలే పాపా, అయిపోయిందేదో అయిపోయింది. ఈ మాట నా నాలుక చివర ఉంది. అంతకంటే ఏమీ అక్కర్లేదు. కాగితం లేదు, వేణు చనిపోయాడు, ఈ మెట్లు కూడా వారం తర్వాత ఉండవు. అది రాత్రి రైలెక్కి పోతుంది, మళ్ళీ అమావాస్యకు ఫోన్ చేస్తుంది. తిన్నావా మా అంటుంది.

ఇన్నేళ్ళుగా నా కూతురు తనను తాను తిట్టుకుంటోంది. నన్ను తిట్టుకుంటూ ఉంటుందేమో అని నేను భయపడుతూ వచ్చాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నువ్వు వచ్చి అడిగినా ఇచ్చుండరు పాపా," అన్నాను. "నీకు అభ్యంతరం లేదని నువ్వు రాసిచ్చినట్టు కాగితముండె. నీ సంతకం నేనే పెట్టినా."

అర్థం కాలేదు దానికి. "ఏ కాగితం?" అంది.

చెప్పాను. వేణు ఏమన్నాడో, రెండు రోజులు ఏమి ఆలోచన చేశానో, దాన్ని రొద్దం ఎందుకు పంపానో. రొద్దం సంగతి మొదలుపెట్టి మధ్యలో ఆగి, మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఎందుకంటే అప్పటిదాకా బెంగ తీరుతుందనే పంపానని నేను కూడా నమ్ముతూ వచ్చాను.

"యాడుండాది ఆ కాగితం? చూస్తా."

"లేదు. శనివారం చింపేవాటిలో ఏసినా."

అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది. అరవలేదు. అరిచే పిల్ల కాదు. నేనే అట్లా పెంచాను.

"అది కూడా లేకుండా చేసినావా," అంది.

డబ్బా మూత పెట్టింది. కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుంది. మధ్యాహ్నం బండికే పోతానంది. నేనూ లేచాను.

"నువ్వు రావద్దు మా."

స్టేషను ఇక్కడికి కనబడుతుంది. గేటు దగ్గర నిలబడి చూశాను. వెనక్కి తిరగలేదు. నల్లప్ప వచ్చి పక్కన నిలబడి వెళ్ళిపోయాడు.

నిజం చెప్పి మంచి పనే చేశానని రాసుకుందామని డైరీ తెరిచాను. భాగ్య కోసం చెప్పానా, మోయలేక చెప్పానా అన్నది నాకు తెలియడం లేదు.

జూలై 25. శుక్రవారం.

శ్రావణం. ఉదయ్ కుమార్ ఎనిమిదింటికే తాళాలకు వచ్చాడు. శుక్రవారం దేవుణ్ణి గడప దాటించకూడదన్నాను. సోమవారం అన్నాడు. సోమవారం నాగుల చవితి, మంగళవారం పంచమి, ఆ రెండు రోజులు భూమి తవ్వకూడదన్నాను. నల్లప్ప కూడా, "అవు సార్, పాములకు దెబ్బ తగల్తాది," అని వంత పాడాడు.

"మీ క్యాలెండరు ప్రకారం పోతే ఈ కాంప్లెక్సు నా మనవళ్ళు కట్టల్లక్కా," అన్నాడు ఉదయ్. కానీ తవ్వనన్నాడు. బుధవారం ఖాయం చేసుకుని వెళ్ళాడు. వాళ్ళ అమ్మకు ఫోన్ చేసి చవితి మాట నిజమేనా అని అడగడం విన్నాను.

అమ్మతో మాట్లాడుతుంటే నవ్వుతున్నాడు.

జూలై 30. బుధవారం.

తాళాలు ఇచ్చేశాను. పటాన్ని పాత చీరలో చుట్టి ఆటోలో ఒళ్ళో పెట్టుకుని కొత్త ఆఫీసుకు తీసుకుపోయాను.

లోపలికి పోగానే ఎదురుగా కొత్త పటం. నిలువెత్తు, బంగారు రంగు ఫ్రేము, చుట్టూ చిన్న బల్బులు. పాలు పొంగించిన రోజే పెట్టారట. అంటే ఆషాఢం రాకముందే.

"అయ్యో, చెప్పడం మర్చిపోయినాము పుట్టమ్మా," అంది మేడమ్. "ఆ పక్క స్టోరులో పెట్టు."

నెల రోజులు నేను పెట్టిన దీపం ఎవరికీ అక్కర్లేదు. మంచిదే. నాకైనా పొద్దుపోయింది. స్టోర్‌రూములో ప్రింటరు డబ్బాల మీద స్వామిని నిలబెట్టి, ఈయనకు నేను, నాకు ఈయన అనుకున్నాను. చాలా ఏడుపు వచ్చింది. తలుపు వేసుకుని ఏడ్చి, ముఖం కడుక్కుని, పన్నెండు గంటల టీ తెచ్చాను.

ఆగస్టు 3. ఆదివారం.

ఫోన్ రాలేదు. అమావాస్య కాదు కదా.

ఆగస్టు 8. శుక్రవారం.

వరలక్ష్మీ వ్రతం. ఆఫీసులో ఆడవాళ్ళంతా ఒకరికొకరు తాంబూలాలు ఇచ్చుకున్నారు. ఆ వేళకు నేను కింద నీళ్ళ క్యాన్లు లెక్కపెట్టే పని పెట్టుకున్నాను. నన్ను చూసి ఎవరూ ఇబ్బంది పడకూడదని. మూడు క్యాన్లే ఉన్నాయి. నాలుగైదుసార్లు లెక్కపెట్టాను.

ఫోన్ రాలేదు.

ఆగస్టు 12. మంగళవారం.

బజారుకు పోయి అటు చూశాను. భవనం లేదు. రేకులు చుట్టూ కట్టి, రేకుల మీద కాంప్లెక్సు బొమ్మ వేశారు. బొమ్మలో మనుషులందరూ తెల్లగా, సన్నగా, చేతిలో సంచులతో నవ్వుతున్నారు. హిందూపురంలో అట్లాంటి మనుషుల్ని నేను చూడలేదు. లోపల పెద్ద గొయ్యి. నల్లప్ప కాఫీ ఇచ్చాడు.

"నీ పాప మళ్ళ రాలేదా అక్కా?"

"పని ఉండాది దానికి," అన్నాను.

"మాట్లాడతాందా?"

ఈ మనిషికి చదువు రాదన్న మాటే కానీ అన్నీ చదువుతాడు. మాట్లాడటం లేదని చెప్పాను. ఇంకో గ్లాసు పోశాడు.

ఆగస్టు 17. ఆదివారం.

ధర్మవరానికి టికెట్టు తీసుకుని రైలెక్కాను. పెనుకొండలో దిగిపోయాను. ప్లాట్‌ఫారం మీద కొండను చూస్తూ రెండు గంటలు కూర్చుని, తిరుగు బండి ఎక్కి వచ్చేశాను. రావద్దని అది చెప్పింది స్టేషనుకే. అయినా పోలేకపోయాను.

ఆగస్టు 20. బుధవారం.

ఇంకా మూడు రోజులు.

ఆగస్టు 22. శుక్రవారం.

రేపు అమావాస్య. ఫోన్‌కు రెండుసార్లు ఛార్జింగు పెట్టాను. రాకపోతే రాదు. రాకపోవడమే న్యాయం. నేనైతే చేసేదాన్ని కాదు.

ఆగస్టు 23. శనివారం.

ఎప్పుడూ పదింటికి చేస్తుంది. పది దాటింది, పన్నెండు దాటింది. అన్నం వండలేదు. మూడున్నరకు మోగింది.

తిన్నావా అని అడగలేదు.

"ఆ సంతకం ఎట్ల పెట్టినావు?" అంది.

"ఎట్లంటే?"

"తెలుగులోనా, ఇంగ్లీషులోనా?"

"తెలుగులో. భాగ్యలక్ష్మి అని."

అవతల మగ్గాల చప్పుడు లేదు.

"నేను టెన్త్ నుంచి ఇంగ్లీషులోనే పెడతాంటి మా. నాయన పేరు మొదటి అక్షరం ముందర పెట్టి, చివర్న ఒక గీత తిప్పి. నెల దినాలు నేర్చుకుంటి ఆ గీత. హాల్ టికెట్టు మీద, బ్యాంకు పుస్తకం మీద, అన్నిటి మీదా అదే. ఆఫీసులో ఎవురన్నా ఒక్కరు పక్కన పెట్టి చూసింటే తెలిసిపోతాండె."

"ఎవురూ చూల్లేదు పాపా."

"నువ్వు చూసింటివా, ఎప్పుడన్నా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. హాల్ టికెట్టు బీరువాలో నేనే దాచాను కదా, చూసే ఉంటాను అని. గుర్తు చేసుకున్నాను. ఫోటో గుర్తుంది, రెండు జడలు, నల్ల రిబ్బన్లు. దాని కింద ఏముందో గుర్తు లేదు.

"లేదు," అన్నాను.

"సరే, ఉంటా," అంది. మళ్ళీ చేస్తానని చెప్పలేదు. నేనూ అడగలేదు.

బీరువా మొత్తం తీసి చూశాను. హాల్ టికెట్టు లేదు. దాని చదువు కాగితాలన్నీ పెళ్ళప్పుడు పెట్టెలో పెట్టి ధర్మవరం పంపేశాను, ఇంక ఇక్కడ ఎందుకని. పద్దెనిమిదేళ్ళు నా పక్కన పడుకున్న పిల్ల. దాని పేరు పెట్టి నేను పంతొమ్మిదేళ్ళు బతికాను. నా కూతురు సంతకం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు.